ఎల్.డి. అన్న రెండక్షరాలు

మార్కాపురంలో ఒక చిన్న చర్మవ్యాధుల ఆసుపత్రిని పెద్ద ఆసుపత్రివాళ్ళు కొన్నారు. పాత డాక్టరు తన పేషెంట్ల రోగాలకు తనకు తోచిన పొట్టి గుర్తులు పెట్టుకుని కంప్యూటర్లో ఎక్కించుకునేవాడు. ఆయన పోయాక ఆ గుర్తులను అన్ని ఆసుపత్రులకూ అర్థమయ్యే కోడ్‌లలోకి మార్చే పని వసుంధరకు వచ్చింది. కిరాణా వ్యాపారి వీరభద్రయ్య కూతురు ఆమె, ఫార్మసీ చదివింది.

పాత గుర్తు ఇస్తే, దానికి సరిపోయే కొత్త కోడ్‌ను సాఫ్ట్‌వేరే వెతికి పెడుతుంది. ఆ గుర్తు ఉన్న పేషెంట్ల వివరాలు కొన్ని తెరిచి చూసి, సరిగ్గా ఉంటేనే ఒప్పుకోవాలి. మొదట్లో వసుంధర ప్రతిదీ చూసేది. సాఫ్ట్‌వేర్ చెప్పిందే నిజమవుతూ ఉండటంతో మెల్లగా చూడటం మానేసింది. పని చకచకా సాగుతోందని మేనేజరు శేషగిరిరావు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఆమెకు తీయగా ఉండింది.

ఎల్.డి. అన్న గుర్తును లెప్రసీ డిసీజ్‌గా తీసుకుని సాఫ్ట్‌వేర్ కుష్టు కోడ్ చూపించింది. వసుంధర ఒప్పుకుని తర్వాతి గుర్తుకు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు రాచర్ల వైపు పల్లె నుంచి రంగనాయకులు, శ్రీశైలమ్మ అనే మొగుడూ పెళ్ళాలు ఆసుపత్రికి వచ్చారు. మేకలు, రెండు బర్రెలు పెట్టుకుని బతికేవాళ్ళు. శ్రీశైలమ్మకు చేతులమీద, పెదవుల పక్కన తెల్లమచ్చలు ఉన్నాయి. అది బొల్లి అని, ఎవరికీ అంటదని పాత డాక్టరు ఎన్నడో చెప్పాడట. ఇప్పుడేమో కుష్టు ఉన్నవాళ్ళ పేర్లు ఆసుపత్రి నుంచి వచ్చాయని ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడి, ఇంటిల్లిపాది ఒళ్ళు చూసి, స్పర్శ బాగానే ఉంది, అయినా పెద్ద డాక్టరు చూడాలని చెప్పి పోయారు. కానీ వాకిట్లో నిలబడ్డ నలుగురూ కుష్టు అన్న ఒక్క మాటే విన్నారు. మర్నాటినుంచి గురుస్వామి తన టీకొట్టుకు ఆమె పోసే పాలు వద్దన్నాడు.

వాళ్ళు శేషగిరిరావుకు చెప్పుకుంటుంటే వసుంధర అదే గదిలో కూర్చుని ఇదంతా విన్నది. పాత వివరాలు తెరిచింది. ఎల్.డి. అంటే ల్యూకోడెర్మా. బొల్లికి ఆ డాక్టరు రాసుకున్న గుర్తు. ఒక్క పేషెంటుకు ఇచ్చిన మందులు చూసినా తెలిసిపోయేది.

కంప్యూటర్లో ఏదో తేడా వచ్చిందని, సరిచేస్తామని శేషగిరిరావు వాళ్ళకు సర్దిచెప్పబోయాడు.

రంగనాయకులు గొంతు పెంచలేదు. "కంప్యూటరును మేం అడగలేం గదా సారూ. దానికి ఆ మాట చెప్పినోళ్ళెవరో చూపించు, అడుగుతాం."

వసుంధర కీబోర్డు వంక చూస్తూ ఉండిపోయింది. నేనే అన్న మాట నోటిదాకా వచ్చింది, కానీ పెగల్లేదు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆమె ఆ పూటే కోడ్ మార్చింది. ఎల్.డి. ఉన్నవాళ్ళందరి విషయం ఆరోగ్యశాఖకు రాయించింది. చేయాల్సిందంతా చేసినట్టే. అయినా ఇంట్లో అన్నం సయించలేదు. ఏమైందని నాయన అడిగితే తలనొప్పి అంది. తప్పు చేసినందుకన్నా, ఆ మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు కంప్యూటర్ వెనక దాక్కున్నందుకు ఆమెకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఆదివారం గిద్దలూరు బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో ఆ పల్లెకు పోయింది. శ్రీశైలమ్మ కొట్టం ముందు మేకలకు ఆకు వేస్తోంది. ఆసుపత్రి పిల్లను గుర్తుపట్టి మంచం చూపించింది. వసుంధర కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఆ తప్పు చేసింది నేనే. చూడకుండా ఒప్పుకున్నా. ఆ రోజు అక్కడే ఉండి కూడా చెప్పలేదు."

శ్రీశైలమ్మ ఆకు వేయడం ఆపలేదు. ఇరుగుపొరుగు ఒకరిద్దరు వచ్చి గోడవతల నిలబడ్డారు. వాళ్ళకు వినపడేలా వసుంధర అది కుష్టు కాదని, బొల్లి అని, తన పొరపాటని మళ్ళీ చెప్పింది. చెప్పాక మనసు కాస్త తేలికైనట్టనిపించి, మజ్జిగ ఉంటే ఇమ్మని అడిగింది.

శ్రీశైలమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "దప్పికై అడుగుతాండావా పాపా, వాళ్ళకు చూపించనీకి అడుగుతాండావా?"

వసుంధరకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కూడా ఎవరికి చూపించడానికో అనిపించి ముఖం తిప్పుకుంది.

"నా పేరు ఒక్కటే పోయిందా, ఇంకా ఉండారా?" అని అడిగింది శ్రీశైలమ్మ.

ఇంకా కొందరు ఉన్నారని, వాళ్ళ గురించీ రాసి పంపామని వసుంధర చెప్పింది.

"కాగితం పంపితే ఊర్లో ఎవరు చదువుతారు? నా కాడికి వచ్చినట్ల వాళ్ళిండ్లకూ పో. నన్ను చూసి ఏడ్చకుండా, ముందా పని చూడు."

మజ్జిగ మాత్రం ఇవ్వలేదు.

వసుంధర సోమవారం శేషగిరిరావుకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కోప్పడ్డాడు; ఆసుపత్రి పేరు పోతుందన్నాడు. ఆమె సెలవు పెట్టింది. ఒక ఆరోగ్య కార్యకర్తను బతిమాలి వెంటబెట్టుకుని దర్శి వైపు, వెలిగండ్ల వైపు తిరిగింది. కొన్ని ఇళ్ళలో విని ఊరుకున్నారు. ఒక ఇంట్లో రాఘవమ్మ అనే ముసలామె, ఇప్పుడిప్పుడే అందరూ మరిచిపోతున్నారు, మళ్ళీ ఎందుకొచ్చి గుర్తు చేసినావని తలుపు వేసేసుకుంది. సరిదిద్దడానికి పోయి మళ్ళీ గాయం చేశానని వసుంధరకు తిరుగు ప్రయాణమంతా అదే దిగులు.

తర్వాత పెద్ద డాక్టరు రాచర్ల వైపు పల్లెకు వచ్చి, శ్రీశైలమ్మ చేతులు పట్టుకుని అందరి ముందూ చూసి, ఇది బొల్లేనని చెప్పాడు. గురుస్వామి మళ్ళీ పాలు పోయించుకున్నాడు. ఆమె తోడికోడలు మాత్రం ఇప్పటికీ ఆమెకు నీళ్ళిచ్చే చెంబు వేరేగా పెడుతోందని రంగనాయకులు మందులకొచ్చినప్పుడు చెప్పాడు. వసుంధరను నిందిస్తూ చెప్పలేదు, అడిగింది కాబట్టి చెప్పాడు. ఆమె తల దించుకుని విన్నది.