అవిసెనూనెకు పథ్యం

రాగిపిండి డబ్బాలోకి చెయ్యి పోనిచ్చిన రాణి వేళ్లకు షుగరు మాత్రలు తగిలాయి. అట్టలకు అట్టలు. ఒక్కటీ చింపలేదు.

నెలనెలా వాటిని కొని అమ్మ పాపక్క చేతిలో పెట్టింది తనే. ఆ అమ్మ ఇప్పుడు కుప్పం ఆసుపత్రిలో ఉంది. కాలి వేలి మీద లేచిన పొక్కు మానలేదు. పాదం నల్లబడింది. దాన్ని తీసేయాలో వద్దో సాయంత్రానికి తేలుతుంది.

అట్టలన్నీ సంచిలో వేసుకుని రాణి పుంగనూరులో బస్సెక్కింది.

మంచం పక్కన మేనమామ గంగాధరం కూర్చుని ఉన్నాడు. మదనపల్లెలో ఆయనకు నూనె గానుగ ఉంది. వారం వారం అక్కకు అవిసెనూనె సీసా తెచ్చేది ఆయనే.

రాణి అట్టలు దుప్పటి మీద గుమ్మరించింది. "యాల దాచిపెట్టినావుమా?"

పాపక్క తల తిప్పుకుంది. "నాటు మందు తాగేటప్పుడు ఇంగ్లీషు మందు కలపకూడదు. పథ్యం చెడిపోదా?"

"అది మందు కాదుమా, నూనె! పథ్యమని ఎవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పినారు. నువ్వేమన్నా పోలీసువా? పోయి మీ మామకు కాఫీ తే."

అప్పుడే డాక్టరు వచ్చాడు. కట్టు విప్పి చూశాడు. పాదం దక్కదని, రేపే ఆపరేషనని చెప్పి వెళ్లాడు.

పాపక్క ఏడవలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నువ్వు దిగులు పడొద్దప్పా. నీ నూనె మంచిదే. నా ఒంటికే పడలేదు."

గంగాధరం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేనే చెప్పినా రాణీ. మా ఊర్లో డాక్టరమ్మ మీటింగు పెట్టింది. కొన్ని కొవ్వులు ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాల, అవిసెలో అట్టాంటిది ఉండాది, గుండెకు మేలు అనింది. అది తాగితే షుగరు దిగిపోదు, మాత్రలు మాత్రం మానొద్దండి అని కూడా అనింది. ముందు వరసలో కూర్చోని ఇన్నా. ఆ రెండో మాట చెప్తే నా నూనె ఎవురు కొంటారు? అందుకే మందన్నా. పథ్యం లేకుంటే మందంటే ఎవురూ నమ్మరని, మాత్రలు ఆపమన్నా. గిరాకీలకు చెప్పి చెప్పి, అదే నోటితో అక్కకూ చెప్పినా. వాళ్లంతా నా నూనె తాగినారు, మాత్రలూ మింగినారు. నా మాట నమ్మింది మా అక్క ఒక్కతే."