హంసల అంచు

శరత్కాలధవళమేఘములు ధర్మవరముపై మందముగా సంచరించుచుండ, భోజనానంతరాలస్యమును దులిపికొని వీధి కిరువంకల మగ్గములు మరల మ్రోగనారంభింప, ఎండ నారవేసిన పట్టునూలు చిలపల వన్నెలు గోడలపై నల్లలాడుచున్న యపరాహ్ణవేళ, చౌడేశ్వరి గదిలో మాత్రము పని నిలిచిపోయియుండెను.

చీరల యంచులను కంప్యూటరుపై గడిగడికి రంగునింపి, చిల్లులు కొట్టి మగ్గమున కెక్కించు జకార్డు అట్టలకు నమూనాలుగా సిద్ధపరచుట యామె వృత్తి. యంత్రము డిస్కుతో మాటలాడు పద్ధతిని ఐడీఈ నుండి ఏహెచ్‌సీఐకి మార్చినచో వేగము హెచ్చునని యెవరో చెప్పగా విని, ముందువెనుక లాలోచింపక యా యుదయముననే మార్చెను. వేగము మాట దేవుడెఱుగును. యంత్రము నీలితెర చూపి, ఆఱి, వెలిగి, మరల నీలితెరయే చూపి, తుదకు ఉన్నదంతయు తుడిచి క్రొత్తగా నారంభింపవచ్చునని యొక దారి చూపెను.

ఆ డిస్కులో నామె తండ్రి తిప్పన్న కంప్యూటరుపైననే గీసిన హంసల యంచు కలదు. గత గ్రీష్మమున పక్షవాతము కుడిచేతిని హరింపకమునుపు ఆ శిల్పి తుదిసారి రచించినది యదియే. నకలు తీయుమని యాతడు హెచ్చరించినప్పుడెల్ల రేపు తీసెదనని తప్పించుకొన్నది తానే. అది పోయిన మరల గీయుటకు ఆ చేయి లేదు.

గడప యావల మంచముపైనుండి తిప్పన్న పిలిచెను.

"ఏమ్మా, హంసల అంచు అట్టలు కొట్టేకి ఇస్తివా? పండగలోపల మగ్గమెక్కల్ల గదా."

"ఇస్తా నాయనా. మిషను రవంత మొరాయిస్తాండాది."

తోడి డిజైనరు రుద్రమూర్తికి ఫోను చేయగా నాతడు తేలికగా, "అంతా తుడిచి కొత్తగా ఎక్కించుకో అక్కా, ఏం గాదు" అనెను. ఏమియు కాకపోవునది యాతనికి. చౌడేశ్వరి వ్రేలు మీటపై నిలిచెను.

అప్పుడు చావడిలో మగ్గము ముందర గూర్చుండి క్రొత్త పడుగు నిలువుపోగుల నతుకుచున్న ఓబులమ్మ యామె కంటబడెను. పాత పడుగు కొసలను తెంపక యొక్కొక్క దానికి క్రొత్త పోగును మెలివేయుట యామె పని. బాల్యమున చౌడేశ్వరియు నట్లు మెలివేసినదే. అది చూడగనే తాను చేసిన తప్పేమో యామెకు తెలిసెను. క్రొత్త దానిని ముడివేయకయే పాత కొసను తెంచితిని గదా యనుకొని వ్రేలు వెనుకకు దీసికొనెను.

వెంటనే పాత పద్ధతికే మరల్చి యంత్రమును వెలిగించెను. తెర నల్లగా నుండెను. ఇప్పుడును తెఱచుకొనకున్నచో తండ్రి మొగమెట్లు చూతునని యామె తలపోసెను. కొంతసేపటికి తెర వెలుగొందెను. హంసలన్నియు యథాతథముగా నుండెను. ఆమె కన్నులు తుడుచుకొని ముందుగా నకలు తీసెను. పిమ్మట, పాత కొసను తెంపకయే క్రొత్త పోగు ముడివేయు తెఱగున, మరుమాఱు కనీసపు పరికరములతో సేఫ్‌మోడున మాత్రమే లెమ్మని యంత్రమున కాజ్ఞాపించి, భయపడుచునే క్రొత్త పద్ధతికి మార్చెను. ఈమాఱు నీలితెర రాలేదు. సేఫ్‌మోడుననే యంత్రము క్రొత్త పద్ధతిలో డిస్కును నడుపు డ్రైవరు ప్రోగ్రామును వెదకికొని యతికికొనెను. అనంతరము ఆ యాజ్ఞను తొలగింపగా సుఖముగా లేచెను. పోయినదని తలచినది పోలేదు. దానిని నిజముగా పోగొట్టబోయినది భయమే.

ఆమె తండ్రిని నడిపించుకొని వచ్చి తెరముందు గూర్చుండబెట్టెను. తిప్పన్న తదేకదృష్టితో చూచి కనుబొమలు ముడిచెను.

"ఈ హంస ముక్కు ఒక గడి తక్కువైండాది. ఆ మౌసు ఇట్లియ్యి."

"నాయనా, చెయ్యి..."

"ఎడమది ఉండాది గదా."

వామహస్తము మౌసుపై మెల్లగా సాగెను. బాణపుగుర్తు పలుమాఱులు గురి తప్పెను. ఎట్టకేలకు గడి యొకటి బంగారువన్నెతో నిండెను. చౌడేశ్వరి రేపనక యప్పుడే మరల నకలు తీసెను.