కనకలత కూర్చోదు

"పక్కింటి కనకలత మనిషి కాదే, మిషన్ను. వచ్చిన కాడ్నించీ ఒక్క నెలైనా బయట కూకుందా? నువ్వూ ఉన్నావు, నెల తిరిగితే సాలు, చాప పరిచీసావు!"

వంటింట్లోంచి పోలమ్మ విసిరిన మాట పెరటి వరండాలో చాప మీదున్న కోడలు హైమవతికి తగిలింది. తగలాలనే విసిరింది.

ఆ చాప అంటే ఆమెకు ప్రేమేమీ లేదు. నెలలో ఆ మూడు రోజులూ గ్లాసులో నీళ్ళు పైనుంచి పోస్తారు, కంచం కాలితో తోసినట్టు తోస్తారు. చిన్నకూతురు దగ్గరికొస్తే "అమ్మని ముట్టుకోకే" అని అత్త రెక్క పట్టుకు లాగుతుంది. పెళ్ళయిన కొత్తలో హైమవతి దీనికి ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసి చుట్టూ చూసింది. భర్త భుజంగరావుకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగితే డ్యూటీ అయిపోతుంది, వారానికో సెలవు వస్తుంది. తనకి ఏ సైరనూ ఇంటికి వెళ్ళమని కూయదు. కుక్కర్ కూసినా, పాలవాడు అరిచినా లేవక్కర్లేని రోజులు ఇవి మాత్రమే. అంటరానిదాన్ని చేసి కూర్చోబెట్టారు. అంటరానితనం వాళ్ళది, కూర్చోవడం తనది. అది మాత్రం ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు.

అందుకే కనకలత మీద ఆమెకు అనుమానం.

చాప మీద నుంచి పిట్టగోడ అవతల పక్క క్వార్టర్ పెరడంతా కనబడుతుంది. టెక్కలి వైపు వాళ్ళు, చలికాలంలో దిగారు. ఇప్పుడు భిలాయి ఎండలకి కూలర్లు కూడా వేడిగాలి కొడుతున్నాయి. ఇన్ని నెలల్లో కనకలత కూర్చోగా హైమవతి చూడలేదు. కూర నిలబడి తరుగుతుంది, బట్టలు నిలబడి ఉతుకుతుంది, అన్నం గుమ్మంలో నిలబడి తింటుంది. పిలిస్తే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. నవ్వదు. బయట చేరదు, అలాగని నీళ్ళూ పోసుకోలేదు.

పై ఇంటి కుముదిని దీనికి పేరు పెట్టింది. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మొదలుపెట్టి హిందీలో తేలుతుంది.

"దీదీ, ప్లాంట్‌లోకి రోబోట్లు వస్తున్నాయంట. మా ఆయన దోస్తు చెప్పాడు. బిల్కుల్ మనిషిలాగే ఉంటాయంట. ముందు క్వార్టర్లలో పెట్టి చూస్తారంట, పక్కింటివాళ్ళు పట్టుకుంటారా లేదా అని."

"అయితే ఆడ రోబోట్ ఎందుకే? ఫర్నేసులో పనికా?"

"అరే, మగ రోబోట్ డ్యూటీ నుంచొస్తే రోటీ ఎవరు చేస్తారు?"

హైమవతి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే గోడ అవతలికి చూసింది. కనకలత తడి దుప్పటి పిండుతోంది. ముఖంలో చిన్న కండరం కూడా కదల్లేదు.

హైమవతి తలకు పోసుకుని ఇంట్లోకొచ్చిన నాడు కుముదిని పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం పట్టుకొచ్చింది. కరివేపాకు అడిగే వంకతో ఇద్దరూ పక్కింటికి వెళ్ళారు. "వదినా, మీ గొలుసు బహుత్ అచ్ఛా ఉంది" అంటూ కుముదిని గుప్పిట్లో దాచిన అయస్కాంతాన్ని కనకలత గుండెల దగ్గరికి తీసుకెళ్ళింది. అది టక్కుమని అతుక్కుంది.

"హే భగవాన్!" కుముదిని ఒక చెప్పు అక్కడే వదిలేసి మెట్లెక్కి పారిపోయింది. కనకలత తల వంచి చూసుకుంది, నెమ్మదిగా లాగింది. అయస్కాంతంతో పాటు పుస్తెలతాడుకి తగిలించుకున్న పిన్నీసుల గుత్తి కూడా పైకి లేచింది.

"పిన్నీసులు," అంది. అయస్కాంతం హైమవతి చేతికిచ్చి, కరివేపాకు దూసి ఇచ్చి, లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకు పెట్టారని అడగలేదు. మనిషైతే అడగదా? హైమవతి అనుమానం తీరకపోగా ముదిరింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం భుజంగరావు అన్నం కలుపుకుంటూ చెప్పాడు. "సోమవారం లీవు పెట్టాను. నీకు ఆపరేషన్. గర్భసంచి తీయించీద్దాం."

"నాకేం జబ్బు?"

"జబ్బుంటేనే తీస్తారేటి? పక్కింటాయన ఆవిడకి తీయించీలేదా? ఎలా తిరుగుతుందో సూసావా? మనకిద్దరు పిల్లలు పుట్టీసారు. ఇంకేటికది? డాక్టరుతో మాటాడీసాను."

"నెలనెలా నాకు వంట తప్పుతాది," అంది పోలమ్మ. "నాకు మోకాళ్ళు ఒంగవు కదేటి. మజ్జిగెయ్యి వాడికి."

హైమవతి మజ్జిగ వేసింది. భుజంగరావు మంచివాడని బ్లాకంతా చెప్పుకునేది. బ్లాకుకి అతను ఎప్పుడూ ఆపరేషన్ తేదీ చెప్పలేదు. వేస్తూ వేస్తూ ఆమెకు అర్థమైంది. రోబోట్లు ఎక్కడ్నించీ రానక్కర్లేదు. అన్నం తింటూ ఇద్దరు మాట్లాడుకుంటే చాలు, వడ్డించే మనిషిని మిషన్ చేసేయొచ్చు.

మర్నాడు పొద్దున్న పిట్టగోడ దగ్గర నిలబడి అడిగింది. "కనకం, నువ్వెందుకు కూర్చోవు?"

కనకలత బట్ట జాడించడం ఆపింది. మనిషంతా ఇటు తిరిగింది. "కూకుంటే లేవలేనక్కా. ఆపరేషనైన కాడ్నించీ నడుం, మెడ పట్టీసాయి. నవ్వితే కుట్టు లాగుతాది. రాత్రయితే ఒళ్ళంతా మంటలు."

"ఎందుకు చేయించుకున్నావు?"

"కడుపులో నొప్పన్నాను. ఊళ్ళో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మెలకువొచ్చేసరికి తీసీసారు. పాప పాలు మాన్లేదప్పటికి." చేతిలోని బట్ట పిండింది. "మీయత్తకి మాయత్త గొప్పగా చెప్తుంటే విన్నాను. నీతో చెప్దామనే అనుకున్నాను. నన్నెవరూ ఏదీ అడగరు కదక్కా, చెప్పడం అలవాటు పోయింది."

"నీకు కూర్చోవాలని లేదా?"

"ఏ పేరు చెప్పి కూకోను? నీకైతే నెలనెలా ఓ పేరుంది."

సోమవారం భుజంగరావు స్కూటర్ స్టార్ట్ చేసి పిలిచాడు. పలుకు లేదు. పెరట్లోకొస్తే హైమవతి చాప మీద ఉంది. వెనకే వచ్చిన పోలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఏటే ఇది? మొన్ననే కదే తలకి పోసుకున్నావు!"

"మళ్ళీ వచ్చింది అత్తమ్మా."

"నాటకాలాడకు, లే. డాక్టరు కూకునుంటాడు," అని భుజంగరావు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

"ఒరే, ముట్టుకోకు!" పోలమ్మ కేక పెట్టింది. జన్మంతా పెట్టిన కేక అది. ఏమన్నదో ఆమెకు అన్నాకే తెలిసింది. కొడుకు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నా ఒంట్లోంచి ఏదీ తియ్యనివ్వను," అంది హైమవతి. గొంతు పెంచలేదు. "ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు. లాక్కెళ్ళాలంటే ముట్టుకుని లాక్కెళ్ళండి."

అతను తల్లి వైపు చూశాడు. తల్లి అతని చెయ్యి వైపు చూసింది. వీధిలో స్కూటర్ ఆడుతూనే ఉంది.

హైమవతి పక్కకి జరిగి చాపలో చోటు చేసి, పిట్టగోడ అవతలికి పిలిచింది. "కనకం, రా."

కనకలత చేతిలో బకెట్టు కింద పెట్టింది. పెరటి తలుపు తీసుకుని వచ్చింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి హైమవతి భుజానికి ఆనించి, పళ్ళు బిగబట్టి కిందికి దిగింది. చాలాసేపు పట్టింది. హైమవతి ఆమె నడుం వెనక తన చెయ్యి పెట్టింది. ఆ వీపు చెమటతో తడిసిపోయి ఉంది.

"కనకా! పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి. ఎక్కడ సచ్చావే?" పక్కింట్లోంచి వాళ్ళత్త అరిచింది.

కనకలత గొంతు గోడ దాటగా ఆ బ్లాకులో ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నారు.

"నేను బయటున్నానత్తా!"