కేబుల్‌కు పెట్టిన బొట్టు

దసరా అయిన నాలుగో రోజు నుంచి నా మానిటర్ మిణుకు మిణుకుమంటోంది. అక్షరాలు వణుకుతాయి, తెర ఓసారి నల్లబడుతుంది, మళ్లీ వస్తుంది. సుబేదారిలో రాంప్రసాద్ సేటు ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తులు నింపడం నా పని. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి కుర్చీ. మా ఇంట్లో నాకంటే ముందు కుర్చీలో కూర్చుని పనిచేసినవాళ్లు ఎవరూ లేరు.

"నీ చెయ్యి వడ్డంకనే ఖరాబైంది సౌమ్యా," అన్నాడు సేటు, బెంచీ మీద జనమంతా వింటుండగా. "పొద్దంత టకటక కొడ్తనే ఉంటవ్. రేపటి సంది జిరాక్స్ కాడ నిలబడు. మా బామ్మర్ది కొడుకు ఉదయ్ కూసుంటడు ఇక్కడ."

"నేను కొట్టేది కీబోర్డు సేటూ. మానిటర్‌ను ముట్టనే ముట్ట."

"ఎదురు మాట్లాడుతానవా?"

"ఉన్నది చెప్తాన."

సేటు ఫోన్ చేస్తే, మానిటర్ తెరే పోయిందన్నాడట మెకానిక్. చూడకుండా ఎట్లా చెప్తాడు? పక్క కంప్యూటర్ కేబుల్ విప్పి నా మానిటర్‌కు పెట్టి చూశాను. తెర నిలబడింది. నా కేబుల్‌ను పక్క మానిటర్‌కు పెడితే అదీ వణికింది. కేబుల్ కొస తిప్పి చూస్తే పిన్నుల మధ్య పసుపు ఎండి గట్టిపడి ఉంది. దాని మీద కుంకుమ.

ఆయుధ పూజ నాడు సేటు అన్నీ విప్పి, తుడిచి, వరుసగా పేర్చి, తడి పసుపు కుంకుమలతో మౌసు దగ్గర్నుంచి కేబుల్ కొసల దాకా ప్రతిదానికీ బొట్టు పెట్టాడు. మళ్లీ దసరా దాకా ఆ బొట్లు ఎవరూ తుడవకూడదు. దుమ్ము దులిపినా బొట్టు చుట్టూ తిప్పి దులపాలి.

"ఇది కడగాలె సేటూ," అని చూపించాను.

"ఏయ్! పూజ బొట్టు తీస్తవా? దుకాణం ముంచుతవా?"

"మీరే పెట్టిన్రు. కరెంటు పోయే తొవ్వల పెట్టిన్రు."

మనవడి సర్టిఫికెట్ కోసం పరకాల నుంచి వచ్చిన మొగిలమ్మ బెంచీ మీంచే అందుకుంది. "కండ్లల్ల పసుపు పోస్తే దేవునికి గూడ కనవడది కొడ్కా!"

అందరూ నవ్వారు. సేటు ముఖం కందిపోయింది. "అది తుడిస్తే ఇగ ఈ దుకాణంలకు రాకు."

ఇంటికి పోయి బాపుకు ఏం చెప్పాలె? కానీ చేయని తప్పు మీదేసుకుని, జిరాక్స్ కాడి నుంచి రోజూ ఆ కుర్చీని చూడడం అంతకంటే కష్టం. స్విచ్ ఆపాను. ప్రింటర్ తుడిచే స్పిరిట్‌లో బ్రష్ ముంచి పిన్ను పిన్నూ తోమాను. కాగితం మీద పచ్చటి నీళ్లు కారాయి. ఫ్యాన్ కింద ఆరబెట్టి బిగించాను.

తెర వెలిగింది. కేబుల్‌ను కావాలనే ఊపాను. ఒక్క అక్షరం కదలలేదు.

సేటు లోపలికి పోయి కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు. "మళ్ల పెట్టాలె."

"స్టాండుకు పెట్టుండ్రి. కేబుల్ కాడికి మాత్రం రానియ్య."

"నువ్వు రానియ్యవా?"

"రానియ్య. రేపు గూడ ఇక్కడ నేనే కూసుంట."

ఆయన భరిణె మూత తీశాడు. తర్వాత వంగి స్టాండుకు పొడి కుంకుమ చిటికెడు అద్దాడు. నా వైపు చూడలేదు.

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. "మొగిలమ్మవ్వా, మనుమని ఆధార్ ఇయ్యి."