పులస ముట్టని గాలం

నేను ఒక గాలం కర్రను. ఈ మాట నన్ను తయారు చేసిన ముసలాయన వింటే నొచ్చుకుంటాడు. ఆయన లెక్కలో నేను కర్రను కాను. ఒక చలిదేశంలో, మంచు పట్టిన కిటికీ పక్కన కూర్చుని, ఆరు వెదురు బద్దలను వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కి, జిగురుతో ఒక్కటిగా అతికించి, పట్టుదారం చుట్టి, ఏడు పూతల వార్నీషు వేశాడు. అందుకు నాలుగు నెలలు పట్టింది. ఆ వెదురు తూర్పు దేశాల నుంచి ఓడలో వచ్చింది. నేను చివరకు చేరిన గోదావరి ఒడ్డున అలాంటి వెదురును పందిళ్ళకీ పాడెలకీ వాడతారు. ఎవరూ వార్నీషు వేయరు.

నేను పుట్టింది సాల్మన్ అనే చేప కోసం. అది నదిలో పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టే వేళకు మళ్ళీ తను పుట్టిన నదికే ఎదురీదుకుంటూ వస్తుంది. ఆ దారిలో అది ఏమీ తినదు. తిండి మానేసిన ఆ చేపకు, ఈకలతో కట్టిన దొంగ ఎర చూపించి నోరు తెరిపించడం నా ఉద్యోగం. ఒక్కోసారి తెరుస్తుంది. ఎందుకు తెరుస్తుందో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదు కాబట్టే దాని మీద అన్ని పుస్తకాలున్నాయి.

నా మొదటి యజమాని ఒక పళ్ళ డాక్టరు. పన్నెండేళ్ళలో నాతో మూడు చేపలు పట్టాడు. పదిహేడు పట్టానని చెప్పుకున్నాడు. మిగిలిన పద్నాలుగూ పట్టనప్పుడు అక్కడున్న సాక్షిని నేనొక్కదాన్నే. ఆయన పోయాక పిల్లలు గోడ గడియారాలతోపాటు నన్నూ ఒక పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేశారు. అక్కడికి విహారయాత్రకు వచ్చిన ఒక తెలుగు కాంట్రాక్టరు నన్ను చూశాడు. పొడుగ్గా ఉన్నాను, ఖరీదుగా కనిపిస్తున్నాను, ఎందుకు పనికొస్తానో అతనికి తెలియదు. ఆఫీసరుకు కానుకగా ఇవ్వడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ ఆఫీసరు కొప్పిశెట్టి సత్యలింగం గారు. ఆయనది ఏ శాఖో చెప్పను. నది గట్లను ప్రతి ఏడూ శాశ్వతంగా బాగుచేసే శాఖ. ఆయన నన్ను హాల్లో గోడకు తగిలించి, వచ్చినవాళ్ళకు చూపించేవారు. పదేళ్ళు అలా వేలాడాను. ఆ పదేళ్ళలో నేను నేర్చుకున్నది పులస గురించి.

సముద్రంలో ఉన్నంత కాలం ఆ చేప పేరు విలస. దాన్ని ఎవరూ పట్టించుకోరు. వానాకాలం గోదావరి ఎర్రబడగానే అది నదిలోకి ఎదురీదుతుంది, పులస అవుతుంది. అప్పటినుంచి దానికి వచ్చే మర్యాద చూస్తే, మనుషుల్లో కూడా కుర్చీ ఎక్కాక పేరు మారినవాళ్ళు గుర్తొస్తారు. ఆ రోజుల్లో సత్యలింగం గారింటికి పులసలు నడిచి వచ్చేవి. ఒక కాంట్రాక్టరు పంపిన చేప పొయ్యి మీద ఉండగానే ఇంకొకరు పంపిన చేప గుమ్మంలో ఉండేది. దాన్ని లంచం అనేవారు కాదు. సీజను అనేవారు.

ఆయన భార్య మాణిక్యాంబ గారు ఆ చేపలన్నీ వండేవారు. పులసకు ముళ్ళెక్కువ. భోజనాల దగ్గర భర్త పక్కన కూర్చుని, ముళ్ళు ఒక్కొక్కటే ఏరి ముక్కలు ఆయన కంచంలో వేసేవారు. ఒకరోజు అలా ఏరుతూ, నవ్వుతూనే అన్నారు.

“ఈ ఇంటికి ఇన్ని చేపలొచ్చాయి. మీరు తెచ్చింది ఒక్కటుందాండీ?”

“తెచ్చేవాళ్ళుండగా నాకెందుకే ఆ పని” అన్నారాయన.

పోయిన ఏడాది ఆషాఢంలో, మూడు రోజుల జ్వరంతో ఆవిడ పోయారు. దినవారాలకు వచ్చిన కార్లు వీధి చివరి దాకా నిలబడ్డాయి. రెండు నెలలకు ఆయన రిటైరయ్యారు. ఆ తర్వాత వీధి విశాలంగా కనిపించింది.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఏడాది తంతు ముగిసిన మూడోనాడు, పోయినవారి పటం ముందు ఆకు వేసి వారికి ఇష్టమైనవి వండి పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆకులో పులస ఉండాలని సత్యలింగం గారు తీర్మానించారు. ఎవరో ఒకరు పంపుతారని వారం రోజులు గుమ్మం వైపు చూశారు. ఒక్క తోక కూడా రాలేదు. ఆవిడ తమ్ముడు బుల్లబ్బాయి సలహా ఇచ్చాడు.

“బజార్లో కొనుక్కొచ్చేద్దాం బావా. ఇప్పుడెవడు పంపుతాడు నీకు?”

ఆయన కుర్చీ వేసుకుని ఎక్కి, నన్ను గోడ మీంచి దించారు.

“మీ అక్కకి నేనే పట్టి తెస్తాను” అన్నారు.

అరవై ఏళ్ళ వయసులో ఆయన మొదటిసారి చేపల వేటకు బయలుదేరిన తీరు చెప్పాలి. ముందుగా మూడు పేజీల కార్యక్రమం రాసుకున్నారు. అందులో ‘ఉదయం 7.15 - చేప పడుట’ అని ఉంది. టోపీ పెట్టారు. మోకాళ్ళు దాటే రబ్బరు బూట్లు తొడిగారు. రేవులో నూకరాజు పడవ మాట్లాడుకున్నారు. నూకరాజుది తాతల నాటి నుంచీ గౌతమి పాయలో పులస వేటే. ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు ఇంటికొచ్చిన పులసల్లో సగం అతని వలలో పడ్డవే. కాంట్రాక్టర్లు కొనేవారు, అతని భార్య ఆదెమ్మ బుట్టలో తెచ్చి, పెరట్లో కోసి ఇచ్చి వెళ్ళేది.

పాయ మధ్యకు వెళ్ళాక నూకరాజు తన వల వదిలి, పడవను దాంతోపాటు సాగనిచ్చాడు. సత్యలింగం గారు విడివిడిగా ఉండే నా మూడు ముక్కలనూ ఒకదానిలో ఒకటి బిగించి, లేచి నిలబడ్డారు. నా పొడవు పదమూడు అడుగులు. నూకరాజు కూర్చున్న చోటు నుంచి ఇంకొంచెం వెనక్కి జరిగాడు.

“ఎర ఏం కట్టారండి?”

“ఈకలు. ఈ కర్రతోపాటే వచ్చాయి, సాల్మన్ కోసం చేసినవి. రెండూ సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేపలే కదా. శాస్త్ర ప్రకారం ఒకటే.”

“మరేనండి. శాస్త్రం తవరికి తెలవాలి.”

మొదటి విసురుకు కొక్కేనికి నూకరాజు భుజం మీది తువ్వాలు పడింది. రెండో విసురుకు ఆయన టోపీయే పడింది. మూడోది నీళ్ళలో పడింది. పడవలో ఇద్దరూ ఊపిరి వదిలారు. నేను మాత్రం సిగ్గుతో వంగాను. వంగడం నా గుణమే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

ఏడుం పావు దాటింది. ఎనిమిది దాటింది. ఎర్రటి నీళ్ళలో నా ఈకల ఎర ఎటు పోతోందో నాకే కనిపించడం లేదు. చివరకు ఆయన గొంతు తగ్గించి అడిగారు.

“అసలు గాలానికి పులస పడుతుందా నూకరాజూ?”

“పడదని ఎలాగంటామండి. మా తాత బతికినన్నాళ్ళూ పళ్ళేదు. మా నాన్నకీ పళ్ళేదు. తవరి చెయ్యి ఎలాంటిదో మరి.”

“ఈ మాట రేవులోనే చెప్పొచ్చు కదయ్యా.”

“తవరు బూట్లేసుకునొచ్చేశారండి” అన్నాడు నూకరాజు.

అప్పుడే నా కొన కదిలింది. ఆయన నా పిడి దగ్గరి దారం చక్రం గిరగిరా తిప్పి పైకి లాగితే, బెత్తెడు జెల్ల చేప. గోదావరి మొత్తంలో ఆ ఈకలను నమ్మిన ప్రాణి అదొక్కటే. విడిపించబోతే దాని ముల్లు ఆయన బొటనవేలిలో దిగింది. రక్తం చూసి ఆయన కంగారు పడలేదు. తువ్వాలుతో చుట్టుకుని, దాన్ని నీళ్ళలోకి వదిలి, మళ్ళీ నన్ను ఎత్తారు. అంతవరకూ ఆయన్ను చూసి నవ్వుకున్న నేను, అక్కడ నవ్వడం మానేశాను.

తొమ్మిది గంటలకు నూకరాజు వల లాగాడు. చివరి బారలో, వెండి రేకులా, ఒక పులస. ఆయన చూపు దాని మీద నుంచి కదల్లేదు. నూకరాజు కాసేపు తల గోక్కున్నాడు.

“ఓ మాట చెప్తానండి, ఏమనుకోకండి. దీని నోటికి తవరి గాలం తగిలించేద్దాం. తవరు పట్టినట్టే. చేపా చెప్పదు, నేనూ చెప్పను.”

పదేళ్ళ నా గోడ జీవితంలో, కాగితం మీద పూర్తయిన గట్ల గురించి చాలా విన్నాను. అందుకే ఆయన ఒప్పుకున్నప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. చచ్చిన చేపకు కొక్కెం తగిలించారు. నన్ను బాగా వంచి పట్టుకున్నారు. నూకరాజు ఫోటో తీశాడు. పడవ ఒడ్డు చేరేలోపే ఆ ఫోటో బుల్లబ్బాయికీ, మరో నలభైమంది బంధువులకీ చేరింది.

రేవులో ఆదెమ్మ కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంది. చేపను చేతిలోకి తీసుకుని, బరువు చూసి మెచ్చుకుంది.

“ఎవరికండి ఇది?”

“మా ఆవిడ ఏడాది ఆకులోకి ఆదెమ్మా. ఆవిడకి పులసంటే ప్రాణం కదా.”

ఆదెమ్మ చేయి ఆగింది. నూకరాజు గట్టిగా దగ్గాడు. ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి, చేపను కత్తిపీట పక్కన పెట్టేసింది.

“అమ్మగారు పులస తినేవోరు కాదండి.”

“నా కళ్ళముందే తినేది.”

“తవరి కళ్ళముందు వడ్డించేవోరండి.”

నూకరాజు, “ఊరుకోవే” అన్నాడు.

“ఎందుకూరుకోడం? రేపు ఆవిడ ఆకులో ఆవిడకి పడనిది పెడతారా?” అని, ఆయన వైపు తిరిగింది. “ఆ వాసనే పడేది కాదండి అమ్మగారికి. తవరూ, వచ్చినోళ్ళూ తిని లేచాక ఓ గిన్నెడు పులుసు నాకు పెట్టేవోరు. నా కేరేజీ ఆవిడ లాక్కునేవోరు. పెరట్లో అరుగు మీద ఎదురుబొదురు కూచునేవోళ్ళం. నా రొయ్యపొట్టు కూర ఆవిడా, ఆవిడ పులస నేనూ.”

“మిగిలింది ఇంటికి తెచ్చేదండి” అన్నాడు నూకరాజు, ఇక దాచి లాభం లేదనుకుని. “నేను పట్టిన పులస నేను రుచి చూసింది తవరి గిన్నెలోనేనండి.”

“ఎన్నాళ్ళుగా?”

“తవరు ఈ ఊరొచ్చిన కాణ్ణుంచీనండి.”

“నాతో ఎప్పుడూ అనలేదే.”

ఆదెమ్మ కత్తిపీటను పక్కకు జరిపింది. “తవరు అడిగారాండి?”

స్థలం చూడకుండా సంతకం పెట్టడం సత్యలింగం గారికి కొత్త కాదు. అయితే ఈ స్థలం ఆయన కంచానికి జానెడు దూరంలోనే ఉండేది. ఆయన నన్ను పడవ అంచుకు ఆనించి, ఇసుకలో కూలబడ్డారు. బూట్లు విప్పుకున్నారు. ముందు కుడిది, చాలాసేపటికి ఎడమది. చివరకు తలెత్తి అడిగారు.

“ఆ కూర ఎలా చేస్తావు ఆదెమ్మా?”

పులస రేవులో బేరగాళ్ళకు వెళ్ళిపోయింది. ఆయన ఆ మధ్యాహ్నం ఆదెమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఎండు రొయ్యపొట్టును నూనె లేకుండా వేయించడం నేర్చుకున్నారు. మొదటి విడత మాడిపోయింది. ఆదెమ్మ, “ఇది ఫైలు కాదండి, అలా పక్కన పెట్టి మర్చిపోడానికి” అంది. ఆయన్ను అలా కసిరినవాళ్ళు ఆ ఏడాదిలో ఎవరూ లేరు. కళాయి కడిగి రెండోసారి మొదలుపెట్టారు.

మర్నాడు పటం ముందు ఆకు వేశారు. నేను హాల్లో మూలన నిలబడి అంతా చూశాను. ఫోటో చూసి వచ్చిన బంధువులు మామూలు కంటే ఎక్కువమంది. ఏడాదిగా కనిపించని కాంట్రాక్టరు ఒకరు కూడా వచ్చారు. ఆయన గట్టిగా గాలి పీల్చి, వచ్చిన వాసన ఏమిటో తేల్చుకోలేకపోయారు. ఆకులో తెల్లటి అన్నం, పక్కన వంకాయ వేసి చేసిన రొయ్యపొట్టు కూర. ఒక పక్క కాస్త నల్లబడింది.

బుల్లబ్బాయి ఆకు చుట్టూ చూసి, వంగి మళ్ళీ చూశాడు.

“బావా, ఫోటోలో చేప ఏదీ?”

ఎవరో కిసుక్కున నవ్వారు. సత్యలింగం గారి బొటనవేలికి ఇంకా గుడ్డపీలిక ఉంది. ఒక్క మాటతో ఆయన నలభైమంది ముందు వేటగాడిగా మిగలొచ్చు. పిల్లి ఎత్తుకుపోయిందన్నా నమ్మేవారు. నా మొదటి యజమాని అయితే పిల్లి మీదే చెప్పేవాడు.

“అది నేను పట్టింది కాదు” అన్నారాయన. “మీ అక్క తినేదీ కాదు.”

ఆ తర్వాత ఆకు ముందు కూర్చుని, నీళ్ళు తిప్పి, ఇంకొంచెం కూర తీసి వడ్డించారు. వంకాయ ముక్కల్లోంచి తొడిమలు ఏరి పక్కన పెట్టారు. కాంట్రాక్టరుకు హఠాత్తుగా ఏదో పని గుర్తొచ్చింది.

ఇప్పుడు నేను ఆదెమ్మ ఇంటి ముందు ఉన్నాను. సత్యలింగం గారే తెచ్చి ఇచ్చారు. ఇసుకలో గోనెపట్టాల మీద రొయ్యలు ఎండబెడతారు. వాటి మీదికి వచ్చే కాకులను నాతో తోలతారు. వార్నీషు రెండు చోట్ల లేచింది. నాకేమీ చిన్నతనం లేదు. నా జీవితంలో, నన్ను చూడగానే ఎదుటి ప్రాణికి నా ఉద్దేశం అర్థం కావడం ఇదే మొదలు.

ఆయన పది రోజులకోసారి వస్తారు. రొయ్యపొట్టు కోసమని చెబుతారు. పోయినసారి తెచ్చింది ఇంట్లో ఇంకా ఉంటుందని ఆదెమ్మకు తెలుసు. అయినా పొట్లం కడుతుంది.

“ఈసారీ మాడ్చారా?”

“కొంచెం.”

“సెగ తగ్గించమన్నానా లేదా? అమ్మగారైతే అసలు...” అని, ఆమె ఆగిపోతుంది.

“చెప్పు” అంటారాయన. “అమ్మగారైతే?”

“చల్లారేదాకా ఆగేవోరు కాదండి. వేళ్ళు కాల్తున్నా ఊదుకుంటా తినేసేవోరు. ఆ తర్వాత నాకేసి చూసి, ‘ఆయనతో చెప్పకే’ అనేవోరు.”

ఆయన చెప్పులు విడిచి, గోనెపట్టా అంచున కూర్చుంటారు. ఆదెమ్మ రొయ్యలు తిరగేస్తూ అమ్మగారి ముచ్చట ఇంకొకటి మొదలుపెడుతుంది. ఆయన వింటూ, నన్ను చేతిలోకి తీసుకుని, కాకులను తోలుతుంటారు.