కిటికీ పక్క మంచం

కోపాన్ని దేవుడే మనిషికి ఇచ్చి పంపుతాడా, లేక పెద్దవాళ్లమే పిల్లలకు నేర్పుతామా? ఈ సందేహం ఆ ఇల్లాలిని ఏళ్ల తరబడి వదల్లేదు. కన్నవాళ్ల దగ్గర ఉండే వీలులేని పిల్లలను ఇంట పెట్టుకుని పెంచడం మొదలుపెట్టినప్పటి నుంచీ రోజూ దణ్ణం పెట్టుకుని లేస్తూ దేవుణ్ణి అదే అడిగేది. ఆయన జవాబు చెప్పేలోపు లోపలి గదిలో ఏదో ఒకటి భళ్లుమనేది.

ఇప్పుడు ఆమె దగ్గర ఇద్దరు ఆడపిల్లలున్నారు. పెద్దది పొడుగరి, నిచ్చెన అంటారు. చిన్నది పిడుగు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఆమెను అత్తా అని, ఆమె భర్తను మామయ్యా అని పిలుస్తారు. మొన్న దువ్వెన కోసం కొట్టుకుంటే నిచ్చెన పెదవి చిట్లింది. పిల్లల బాగోగులు చూసే ఆఫీసరు వచ్చి, "ఇంకోసారి చేయి చేసుకుంటే ఒకరిని వేరే ఇంటికి మార్చక తప్పదమ్మా" అని చెప్పి వెళ్లాడు. అత్తకు ముద్ద దిగలేదు.

లైబ్రరీ వెనక గదిలో ఇలాంటి పిల్లలకు తగువు తీర్చుకోవడం నేర్పే టీచరమ్మ ఉందని తెలిసి ఇద్దరినీ వెంటబెట్టుకెళ్లింది. పిల్లలు ఆవిణ్ణి జడ్జిగారు అంటారు గానీ, ఆవిడ ఎవరికీ తీర్పు చెప్పి ఎరగదు.

"గొడవైతే మీరేం చేస్తారమ్మా?" అని ముందు అత్తనే అడిగింది.

"చెరో గదిలోకి పొమ్మంటాను. చల్లబడతారని."

టీచరమ్మ నిచ్చెన వైపు తిరిగింది. "పొమ్మంటే నువ్వేం చేస్తావ్?"

"బట్టలు సర్దుకుంటా. ఇంతకుముందు రెండిళ్లల్లో పొమ్మన్నాక నిజంగానే పంపేశారు."

మంచం కింద ఎప్పుడూ సర్ది ఉండే సంచీని చూసి, పిల్ల ఎంత పొందికైనదో అని ఇన్నాళ్లూ మురిసిపోయింది అత్త!

"ఇక్కడ తగువుకి మొదటి మాట ఒకటే," అంది టీచరమ్మ. "'నేనెక్కడికీ పోవట్లేదు, నువ్వూ పోనక్కర్లేదు.' తర్వాత అవతలి మనిషి బాధ నీ నోటితో చెప్పాలి. వాళ్లు 'అదే' అనేదాకా నీ బాధ ఎత్తకూడదు."

"అంటే నేను దీని లాయర్నా?" అంది పిడుగు.

"ఫీజు లేని లాయరువి."

వారం వారం వెళ్లారు. ఒక ఆదివారం పొద్దున ఇంట్లో పిడుగు విసురుగా కిటికీ మూసింది. నిచ్చెన చేయి లేచింది. "పో" అనబోయిన అత్త ఆ మాట మింగేసింది.

నిచ్చెన చేయి గాల్లోనే ఆగి, మెల్లగా దిగింది. "నేనెక్కడికీ పోవట్లేదు. నువ్వూ పోనక్కర్లేదు, దరిద్రమా!"

"దరిద్రమా అనేది అందులో లేదు."

"నేను కలుపుకున్నా."

ఇక నిచ్చెన బాధ చెప్పడం పిడుగు వంతు. "నీకు గాలి కావాలి."

"కాదు."

"నేను నిన్ను లెక్కచేయట్లేదు."

"కాదు."

"మరి... నా మంచం కిటికీ పక్కనుంది. అది నీదనుకున్నావ్."

"అనుకోవడమేంటి? వచ్చిన రోజే అత్త నాదంది."

"అయితే నీ కోపం నా మీద కాదు."

"అదే," అని నిచ్చెన మంచమ్మీద కూలబడింది.

అత్త ఇద్దరినీ కళ్లార్పకుండా చూసింది. కోపం ఎవరిచ్చారో ఆమెకింకా తెలియదు. ఎత్తిన చేయి దించుకోవడం మాత్రం ఈ పిల్లలు నేర్చుకున్నారు, ఆమె కళ్లముందే.

ఆ మంచం మాట నిజమే. తర్వాత పిడుగు దగ్గుతూ ఈ ఇంటికొస్తే, గాలి తగలాలని, నాలుగు రోజులే అని అత్తే ఆ మంచం దానికిచ్చింది. మూడేళ్లయింది.

ఇప్పుడు వంతు అత్తది. "నేనెక్కడికీ పోవట్లేదే," అంది నిచ్చెనతో. "నువ్వూ పోనక్కర్లేదు. మాటిచ్చి మర్చిపోయాను. అడిగితే పంపేస్తాననుకుని నువ్వు అడగలేదు."

"అదే," అంది నిచ్చెన, తల దించుకుని.

పిడుగు గదిని కళ్లతో కొలిచింది. "అత్తా, నీ బీరువా ఇక్కణ్ణుంచి తీసేస్తే రెండు మంచాలూ కిటికీ దగ్గర పడతాయి."

మామయ్యకు కబురు వెళ్లింది. "ఆ బీరువా మా గదిలోకా? నేనెక్కడికి పోను?"

"మీరెక్కడికీ పోనక్కర్లేదు మామయ్యా!" అన్నారిద్దరూ ఒక్కసారే.

నలుగురూ చెమటలు కక్కుతూ బీరువా జరిపారు. అత్త కిటికీ తెరిచి, దాని కిందికి చేరిన మంచంమీద ఉతికిన దుప్పటి పరిచింది.

"ఇదిగోనే, నీ మంచం," అంది నిచ్చెనతో.