నువ్వు లేని మాటలు

మెర్సీ వచ్చి పదకొండు రోజులైనా కూతురు బ్యూలా ఆమెని ఇంకా 'అండీ' అనే అంటోంది.

"ముంజలు తింటారా అండీ?"

"చూసేవా మర్యాద!" అని నవ్వాడు మెర్సీ భర్త శ్యామ్ బాబు. "పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఈ ఇంట్లో నన్నింతవరకూ ఒక్కళ్ళూ అండీ అన్న పాపాన పోలేదు."

మెర్సీకి నవ్వు రాలేదు. ఐర్లాండులో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరడానికి ఆమె వెళ్ళినప్పుడు బ్యూలాకి మూడున్నరేళ్ళు. ఇప్పుడు ఏడు. భర్తకీ పిల్లకీ వీసాలొచ్చాయి. జూన్ తొమ్మిదిన ముగ్గురూ విమానం ఎక్కాలి. అందాకా రాజోలు దగ్గర, శ్యామ్ బాబు అక్క కృపావతి ఇంట్లోనే. పిల్లని పెంచింది ఆవిడే.

వేసవికి కాలవలు కట్టేశారు. ఎండిన కాలవలో ఊళ్ళో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. బ్యూలా మాత్రం అరుగు మీద కూచుని, తల్లికేం కావాలో కనిపెట్టి చూస్తూంటుంది, చుట్టాలొచ్చినప్పుడు బుద్ధిమంతులైన పిల్లలు చూసినట్టు.

విమానం ఎక్కేలోగా తను ఈ పిల్లకి అమ్మ కావాలి. మెర్సీ సెలవు పెట్టింది అందుకే.

"నేనే నేర్పేను మెర్సీ," అంది కృపావతి. "ఫోన్లో కనపడే మనిషి కదా, గౌరవం ఉండాలని."

ఆ మధ్యాహ్నం మెర్సీ పిల్లని దగ్గర కూచోబెట్టుకుంది.

"అమ్మని అండీ అనకూడదమ్మా. నువ్వు అనాలి. అత్తని అంటావు చూడు, అలాగ."

"ఆయ్ అండీ," అంది బ్యూలా. వెంటనే నాలిక్కరుచుకుంది.

ఆ రోజుతో అండీ పోయింది. నువ్వు మాత్రం రాలేదు. ఆ సంగతి మెర్సీకి తెలియడానికి రెండు రోజులు పట్టింది.

"కాఫీ తాగడం అయిందా?"

"చర్చికి ఈ చీరేనా?"

"బయట ఎండగా ఉంది, గొడుగు కావాలా?"

నువ్వో మీరో తేల్చుకోనక్కర్లేని మాటలు. నోరు విప్పే ముందు పిల్ల పెదాలు కొంచెం కదిలేవి. మాటని లోపలే కట్టుకుని, అందులో తల్లికి చోటు లేదని చూసుకున్నాక బయటికి అనేది. ఆశ్రమంలో ముసలివాళ్ళు కూడా ఇలాగే మాట్లాడేవారు. చూడ్డానికొచ్చిన కూతురి పేరు గుర్తు రాక, ఆ సంగతి బయటపడకుండా పేరు చుట్టూ తిరిగేవారు. వాళ్ళు మర్చిపోయారు. ఈ పిల్లకి మర్చిపోడానికైనా ఏమీ లేదు.

పెరట్లో చాప మీద తాండ్రకి మామిడి రసం పూత పూస్తున్న కృపావతికి మెర్సీ ఇదంతా చెప్పింది.

"నా దగ్గర చనువున్నన్నాళ్ళూ నీ దగ్గరకి రాదు," అంది కృపావతి తలెత్తకుండా. "అది నే చూసుకుంటాలే."

వద్దు వదినగారూ అనాలి. ఆ మాట మెర్సీ నోటిదాకా వచ్చింది. వచ్చి, ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకి తెలుసు. తెలిసినందుకు సిగ్గుపడింది. అయినా అనలేదు.

మర్నాటి నుంచి కృపావతి పిల్లని తన మంచం మీదకి రానివ్వలేదు. ముద్దలు కలిపి పెట్టడం మానేసింది. "పెద్దదానివయ్యేవు. ఇకనించి నన్నూ అండీ అనాలి," అని చెప్పేసింది. చెప్పి, దొడ్లోకెళ్ళి చాలాసేపు రాలేదు. బ్యూలా ఏడవలేదు. ఏడిస్తే బాగుణ్ణనిపించింది మెర్సీకి.

"ఇద్దరూ కలిసి దాన్నేం చేస్తున్నారే?" అన్నాడు శ్యామ్ బాబు.

ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున్నే, ఇద్దరాడవాళ్ళూ వరండాలో ఆ చివరొకరూ ఈ చివరొకరూ పెట్టెలు సర్దుతున్నారు. బ్యూలా దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని వచ్చి మధ్య గుమ్మంలో నిలబడింది. పెదాలు కదిలాయి.

"జడ వెయ్యాలి."

మొహం వీధి వైపు ఉంది. ఎవరితో అందో తెలియలేదు. తల్లితోనే అయుంటుందని కృపావతి మడతపెడుతున్న గౌను మీంచి చూపు తిప్పలేదు. వదినగారితోనేమోనని మెర్సీ ఆగింది. వెయ్యనా అని అడగొచ్చు. అడిగితే 'ఆయ్' అంటుంది, ఎవరడిగినా.

పిల్ల కాసేపు చూసింది. తరవాత మెట్టు మీద కూచుని, జుట్టు ముందుకి వేసుకుని, తనే మూడు పాయలు తీయడం మొదలెట్టింది. ఒకటి లావుగా వచ్చింది. విప్పేసి, మళ్ళీ మొదలెట్టింది.